మూడేళ్లయినా ఇంకా అడుగులేనా?

ప్రశ్న: మాది గుంటూరు, లక్ష్మీపురం. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఆరో తరగతి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. మూడేళ్లయినా మాస్టారు ఇంకా అడుగులు, జతులే చేయిస్తున్నారు. ఐటమ్స్, అంటే స్టేజీ మీద చేసే పూర్తి నాట్యాలు, నేర్పింది రెండే. మా పక్కింటి పాప ఒక అకాడమీలో ఆరు నెలల కొరియోగ్రఫీ డిప్లొమాలో చేరి అప్పుడే నాలుగు స్టేజీలు ఎక్కింది. టీవీ షో ఆడిషన్‌కి పిలుపు కూడా వచ్చింది. మా అమ్మాయి డాన్సే కెరీర్ అంటోంది. మా వారేమో పది అవగానే ఎంపీసీలో వేసి డాన్స్ మాన్పించేద్దామంటున్నారు. కూచిపూడే కొనసాగించాలా, ఆ కోర్సులో చేర్పించాలా? రెండూ పోల్చి చెప్పండి.

జవాబు: పోల్చి చెబుతానమ్మా. కానీ మీ ఉత్తరంలో నా కళ్లు ముందు "పక్కింటి పాప" దగ్గర ఆగాయి. వీణ, చదరంగం, ఈత, దేని గురించి అడిగినా ఆ పాప లేకుండా ఈ ప్రశ్న నా దగ్గరికి రాలేదు. ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. మీ అమ్మాయికి మూడేళ్లలో ఏమొచ్చిందో మీరు రాయలేదు. ఎన్ని ఐటమ్స్, ఎన్ని స్టేజీలు అన్నదే రాశారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి మీ దగ్గర వీడియో లేదన్న బాధ నాకు అందులో కనిపిస్తోంది. నేనూ ఆ బాధ పడ్డదాన్నే, అందుకే ఇంత సూటిగా అంటున్నాను.

నేను డాన్సర్‌ని కాను. మా పెద్దమ్మాయి పన్నెండేళ్లు నేర్చుకుంటే వరండాలో కూర్చుని విన్నాను, అంతే. వినీ వినీ వేళ్ల మీదికి తాళం వచ్చింది. "ఇంకా అడుగులే" అని మీరు తీసిపారేసిన దాంట్లో ఏముందో ఒకసారి ఇంట్లోనే చూడండి. అమ్మాయిని ఆది తాళం వెయ్యమనండి. ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు: నాలుగు. దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు: ఇంకో నాలుగు. చెయ్యి అదే నడకలో ఉండగా మొదటి కాలంలో, అంటే మొదటి వేగంలో, ఎనిమిది అడుగులు పడాలి. రెండో కాలంలో అదే ఆవృత్తంలో, అంటే తాళం ఒక చుట్టు తిరిగేలోపు, పదహారు, మూడో కాలంలో ముప్ఫై రెండు. కాళ్లు పరిగెత్తినా చెయ్యి కంగారు పడకూడదు. ఇదంతా అర్ధమండలిలో కూర్చునే చెయ్యాలి: మోకాళ్లు పక్కలకి తెరుచుకుని, వెన్ను నిటారుగా, అరికాలు మొత్తం ఒకేసారి నేలకి తగులుతూ. మీరొక నిమిషం అలా నిలబడి చూడండి, మాస్టారి మీద గౌరవం దానంతటదే పెరుగుతుంది.

ఇక జతులు, అంటే అడుగులకి తగ్గట్టు నోటితో పలికే లయ అక్షరాలు. తకిట మూడు, తకధిమి నాలుగు, తకతకిట ఐదు, తకిట తకధిమి ఏడు, తకధిమి తకతకిట తొమ్మిది. ఐదక్షరాల తకతకిటని ఎనిమిది అక్షరాల ఆది తాళంలో నడిపితే మొదటి ఆవృత్తం చివర కలవదు, రెండోదానికీ కలవదు. ఐదు ఆవృత్తాలు తిరిగి, తకతకిట ఎనిమిది సార్లు పూర్తయ్యాక రెండూ ఒకచోటికి వస్తాయి. ఐదుకీ ఎనిమిదికీ క.సా.గు. నలభై. మీ వారికి ఎంపీసీ ఇష్టం కదా, ఈ సంగతి చెప్పండి.

రెండేళ్ల కిందట విజయవాడలో ఒక ఇంటర్ అబ్బాయి తల్లితో నా దగ్గరికి వచ్చాడు. ఫోన్ నిండా కప్పులు అందుకుంటున్న ఫొటోలే. ఫోన్ పక్కన పెట్టించి, పాట లేకుండా ఎనిమిది లెక్కపెడుతూ గదిలో నడవమన్నాను. బాగానే నడిచాడు. "ఇప్పుడు చప్పట్లు రెండింతలు చెయ్యి, నడక మాత్రం మార్చకు" అన్నాను. రెండో ఎనిమిదికే కాళ్లు చప్పట్ల వెంట పరుగు తీశాయి. మూడు సార్లు ప్రయత్నించి కుర్చీలో కూలబడ్డాడు. తెలివిలేనివాడేం కాదు. అన్నాళ్లూ పాటే అతన్ని మోసుకొచ్చింది, పాట తీసేస్తే ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు. వాళ్లమ్మ ముఖం ఇప్పటికీ గుర్తుంది.

వెస్టర్న్ అంటే నాకేదో చిన్నచూపు అనుకోకండి. మంచి వెస్టర్న్ మాస్టారు కూడా "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అని అదే ఎనిమిది దగ్గర మొదలెడతాడు. ఎంత పేరున్న బాలే డాన్సరైనా రోజూ పొద్దున బార్ అనే గోడ పక్కన కమ్మీ పట్టుకుని మోకాళ్లు వంచడం నుంచే మొదలుపెడతారు. జెనీవాలో డాల్‌క్రోజ్ అనే సంగీతం మాస్టారు వందేళ్ల కిందటే తన విద్యార్థుల్ని నడిపించి, చప్పట్లు కొట్టించి లయ నేర్పాడు. ఒళ్లు నేర్చుకోనిది చెవి ఒక్కటే నేర్చుకోలేదని ఆయన నమ్మకం. కాబట్టి నా పేచీ వెస్టర్న్‌తో కాదు, ఆరు నెలలతో.

ఆ ఆరు నెలల కోర్సుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఈమధ్య వారానికి ఒకరైనా దీని గురించే అడుగుతున్నారు. మొదట ఆ డిప్లొమా ఎవరిస్తున్నారో అడగండి. యూనివర్సిటీయా, ప్రభుత్వ బోర్డా, లేక అకాడమీవాళ్లే అచ్చువేసుకున్నదా? చాలాచోట్ల మూడోదే. రెండోది, కొరియోగ్రఫీ అంటే కొత్తగా కూర్చడం. ఇప్పటికే ఎవరో కూర్చిన పాటని పిల్లలకి బట్టీ వేయించి స్టేజీ ఎక్కించడానికి ఆ పేరు పెడితే, బడిలో ఎక్కాలు అప్పజెప్పినవాణ్ణి గణిత శాస్త్రవేత్త అన్నట్టే.

టీవీ షో మీద కూడా నాకు నమ్మకం తక్కువ. ఆడిషన్‌కి పిలుపు రావడమంటే లైన్లో నిలబడడానికి పిలుపు రావడం. ఎంపికైన పిల్లలు కూడా వారానికో పాట నేర్చుకుని, అది మర్చిపోయి ఇంకోటి నేర్చుకుంటారు. సీజన్ అయిపోగానే కొత్త బ్యాచ్ వస్తుంది. అక్కడ నిలబడినవాళ్లు లేరా అంటే ఉన్నారు. నాకు తెలిసినంతలో వాళ్లలో ఎక్కువమంది షోకి ముందే ఏళ్ల తరబడి ఎవరో ఒక మాస్టారి దగ్గర చెమట కార్చినవాళ్లే. ఆ సంగతి షోలో వేసే పరిచయ వీడియోలో అరనిమిషం చూపిస్తారు, మనం ఆ అరనిమిషంలో టీ పెట్టుకోవడానికి లేస్తాం. సినిమాల్లో గ్రూప్ డాన్సర్‌గా వెళ్లాలన్నా యూనియన్ కార్డు కావాలి, రోజుల తరబడి పిలుపు కోసం ఎదురుచూడాలి.

ఇంకో సరదా ఉంది, మైదానం నిండా పిల్లల్ని నిలబెట్టి ఒకేసారి ఆడించే రికార్డులు. మీకూ ఈపాటికి ఫోన్ వచ్చే ఉంటుంది. మా అమ్మాయిని ఏడో తరగతిలో నేనూ పంపాను. ఎంట్రీ ఫీజు, డ్రెస్ అద్దె, మేకప్. పొద్దున ఆరింటికి రమ్మని పదింటికి మొదలుపెట్టారు. ఎండకి కాలిన నేల మీద అరికాళ్లు బొబ్బలెక్కాయి. మైదానం చివర ఉన్న వరసలకి పాట ఆలస్యంగా వినపడుతుంది, వంద మీటర్లు రావడానికి శబ్దానికి దాదాపు మూడో వంతు సెకను పడుతుంది మరి. వెనకవాళ్లు పాటని నమ్మాలా, ముందు వరసని నమ్మాలా? వచ్చిన సర్టిఫికెట్లో మా అమ్మాయి పేరే తప్పు. ఆ కాగితాన్ని తర్వాత ఏ అడ్మిషన్‌లోనూ ఎవరూ అడగలేదు. బీరువాలో చీరల అడుగున ఉంది.

మీ అనుమానంలో న్యాయం అస్సలు లేదనను. కొందరు మాస్టార్లు నిజంగానే సాగదీస్తారు. అందుకే ఈ వారమే వెళ్లి, పిల్ల ఎదురుగా కాకుండా, మీ మాస్టారిని అడగండి: అడుగులన్నీ మూడు కాలాల్లో అయ్యాయా? పిల్ల నోటితో జతి చెప్పి చేత్తో తాళం వేయగలదా? వచ్చే ఏడాది ఏం నేర్పుతారు? మంచి గురువైతే నొచ్చుకోరు, వేలు మడిచి లెక్క చెబుతారు. "మీకెందుకండీ, నేను చూసుకుంటాగా" అంటే మాత్రం మాస్టారిని మార్చండి. మాస్టారిని మార్చడం వేరు, దారి మార్చడం వేరు. రంగప్రవేశానికి, అంటే తొలి పూర్తి ప్రదర్శనకి, లక్షలు సర్దుకోమని ఇప్పటినుంచే అంటుంటే ఇంకా జాగ్రత్త.

చదువు వైపు దారి మీరు భయపడుతున్నంత ఇరుకుగా లేదు. విజయవాడలో ఘంటసాల పేరుతో ఉన్న ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో కూచిపూడిలో సర్టిఫికెట్, ఆ తర్వాత డిప్లొమా ఉన్నాయి. కూచిపూడి ఊళ్లోనే సిద్ధేంద్ర యోగి కళాపీఠం ఉంది. డిగ్రీ తర్వాత హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నృత్యంలో ఎంపీఏ, అంటే ప్రదర్శన కళల్లో పీజీ, చేయొచ్చు. యూజీసీ నెట్‌లో నృత్యానికి పేపర్ ఉంది, లెక్చరర్ ఉద్యోగానికి అది దారి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకి రెండేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తుంది. కేంద్ర సాంస్కృతిక వనరుల, శిక్షణ కేంద్రం (సీసీఆర్‌టీ) వాళ్లు పిల్లలకిచ్చే స్కాలర్‌షిప్ 10 నుంచి 14 ఏళ్ల వాళ్లకే. మీ అమ్మాయి ఆ గీత మీదే ఉంటుంది కాబట్టి వయసు ఈరోజే చూసుకోండి. ఇలాంటి చోట్ల ఎంపికలో పిల్లని చేసి చూపించమంటారు. అప్పుడు పనికొచ్చేది మీరు విసుక్కుంటున్న ఆ అడుగులే.

డబ్బు సంగతి దాచను. మొదటి కొన్నేళ్లు స్కూల్లో డాన్స్ టీచర్ ఉద్యోగం, సాయంత్రం ఇంట్లో క్లాసులు, వార్షికోత్సవాల సీజన్లో పరుగులు, ఇలాగే ఉంటుంది. నట్టువాంగం చేయగలిగితే, అంటే తాళాలు పట్టుకుని జతులు చెబుతూ ప్రదర్శన నడిపించగలిగితే, ఇంకొంత పని దొరుకుతుంది. లయ గట్టిగా ఉన్నవాళ్లకే ఆ తాళాలు అప్పగిస్తారు. సాఫ్ట్‌వేర్ జీతంతో పోలిస్తే తక్కువే.

మీ వారితో గొడవ పడకండి. ఎంపీసీ చదివితే డాన్స్ పోదు. పొద్దున ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా గదిలో కూర్చోబెట్టే హాస్టల్లో వేస్తే పోతుంది. ఇంటి నుంచి వెళ్లొచ్చే కాలేజీ చూసి, సాయంత్రం ఒక గంట పిల్లకి వదలమనండి. ఎంపీసీయే కావాలా, ఇంకో గ్రూపా అన్నది పదో తరగతి పరీక్షలయ్యాక పిల్లని కూడా కూర్చోబెట్టుకుని మాట్లాడదాం. తొమ్మిదో తరగతిలో జీవితం మొత్తం తేల్చేయాలన్న టెన్షన్ మీకెవరు పెట్టారో గానీ, దాన్ని పిల్ల మీద పెట్టకండి. మూడేళ్లు అడుగులు చేయించినా మానేస్తానని అనకుండా ఇంకా డాన్సే అంటోందంటే నాకు ఆ అమ్మాయి గురించి బెంగ లేదు.

పోలిక ఇంకా మిగిలిపోయింది కదా. ఆ కోర్సు వేసవి సెలవుల్లో సరదాకి చేయించండి, ఒళ్లు కొత్త కదలికలు నేర్చుకుంటుంది, నష్టం లేదు. కూచిపూడి మానిపించి మాత్రం వద్దు.

చివరగా ఒక చిన్న పని. మీ ఇంట్లో గ్రానైటో టైల్సో ఉంటే పిల్లని దాని మీద గట్టిగా అడుగులు కొట్టనివ్వకండి. కాంక్రీటు మీద పరిచిన ఆ రాయి కొంచెం కూడా తగ్గదు, దెబ్బంతా మడమకీ మోకాలికీ వెళుతుంది. మా అమ్మాయి ఒక ఏడాది మడమ నొప్పితో మానేయాల్సి వచ్చింది, తప్పు నాదే. వడ్రంగి చేత కింద పట్టీలు కొట్టించి ఒక చెక్క పలక చేయించండి, నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు చాలు. కింది వాటావాళ్లకి మాత్రం సాధన ఎన్నింటికో ముందే చెప్పి ఉంచండి.