ఆ గిటార్‌ని పాతగానే ఉండనివ్వు

అమ్మడూ,

నువ్వు పాత ఎలక్ట్రిక్ గిటార్ కొనబోతున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఎవరి కోసమూ కాదట అన్నయ్యా, తన కోసమేనట" అంది. ఆ మాట విన్నాక చాలాసేపు నిద్ర పట్టలేదు. సంతోషం ఎంతో, భయమూ అంతే. నెలనెలా జీతంలోంచి కొంత పక్కన పెట్టి, నీకంటూ ఒకటి కొనుక్కుంటున్నావు. ఎందుకని ఎవరడిగినా సంజాయిషీ ఇవ్వకు.

తెలిసిన మాటలు ముందు గబగబా చెప్పేస్తాను. ఫొటో చూసి డబ్బు పంపకు. చేతిలోకి తీసుకుని అరగంటైనా వాయించు. ప్రతి తీగనీ, నెక్ మీద, అంటే గిటార్ మెడ మీద, అడ్డంగా ఉండే ప్రతి ఫ్రెట్ దగ్గరా నొక్కి విను. నెక్ లోపల దాన్ని వంగకుండా ఉంచే ట్రస్ రాడ్ అనే కడ్డీ ఇంకా తిరుగుతోందో లేదో వాళ్లనే తిప్పి చూపించమను. ఫ్రెట్లు మార్చి ఉంటే బెంగపడకు, వాయించే గిటార్‌కి ఫ్రెట్లు అరగక మానవు.

గిబ్సన్ కంపెనీ లెస్‌పాల్ లాంటిదైతే మాత్రం హెడ్‌స్టాక్, అంటే తీగలు బిగించే మరలుండే తల, వెనక పగులుందేమో వేలితో తడిమి చూడు. పాతవాటిలో అది 17 డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది, చెక్కేమో మహాగనీ. ట్రస్ రాడ్ నట్టు కోసం సరిగ్గా అక్కడే చెక్కని తవ్వుతారు కూడా. స్టాండ్ మీంచి వెనక్కి పడిందంటే విరిగేది ఆ చోటే. ఒక అల్ట్రావయొలెట్ టార్చ్ పట్టుకెళ్లు. చీకట్లో వేస్తే నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే పాత పూత ఆకుపచ్చగా మెరుస్తుంది, తర్వాత పూసిన చోటు చాలాసార్లు వేరే మచ్చలా తేలిపోతుంది. విరిగిందని ముందే చెప్పి ధర తగ్గించి ఇస్తే తీసుకో, బాగా అతికించిన నెక్ చక్కగానే పనిచేస్తుంది. దాచి అమ్మజూస్తే మాత్రం మారు మాట్లాడకుండా లేచి వచ్చేయ్.

ఏ సంవత్సరానిదో నోటిమాటగా నమ్మకు. లోపల వాల్యూమ్ పాట్, అంటే నాబ్ కింద ఉండి శబ్దాన్ని పెంచే తగ్గించే భాగం, మీద అంకెలుంటాయి. 1376512 అని ఉందనుకో, 137 అంటే సీటీఎస్ కంపెనీ, ఆ పాట్ 1965లో పన్నెండో వారంలో చేసింది. గిటార్ అంతకంటే పాతదైతే ఆ పాట్ మార్చినట్టే. సీరియల్ నంబర్ ఒక్కటే చూసి తేల్చుకోకు, 1960లలో గిబ్సన్ ఒకే నంబర్‌ని ఒకటికి మించిన గిటార్లకు వేసింది. గిటార్లు చేసే ఫెండర్ కంపెనీని 1965 జనవరిలో సీబీఎస్ అనే అమెరికా ప్రసార సంస్థ కొనేసింది, ఆ తర్వాత నాణ్యత తగ్గిందని చాలామంది అంటారు, అంతకు ముందువాటికి అందుకే అంత గిరాకీ. నువ్వు ఆ మోజులో పడకు, 1970ల గిటార్ అయినా నీ చెవికి నచ్చితే అదే నీది.

ఇక నా అసలు భయం.

నీకు పాతవాటిని మెరిపించే అలవాటు ఉంది. ఎనిమిదేళ్లప్పుడు తాతయ్య వాచీని టూత్‌పేస్టు పెట్టి తోమి నీళ్లలో ముంచావు, గుర్తుందా? ఆ రోజు నిన్ను గట్టిగా తిట్టాను. నువ్వు మంచం కింద దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. ఆ తిట్లు నిజానికి నీకు కాదమ్మా, ఎప్పటినుంచో నన్ను నేను తిట్టుకుంటున్నవి.

ఇరవై ఆరేళ్లప్పుడు నా చేతికి ఒక పాత ఫెండర్ స్ట్రాటోకాస్టర్ గిటార్ వచ్చింది. ముంజేయి ఆనే చోట రంగు అరిగి చెక్క బయటపడింది. నెక్ వెనక బొటనవేలు తిరిగినంత మేరా చెమటకి నల్లబడి నున్నగా ఉంది. ఎవరో ఏళ్ల తరబడి వాయించారు దాన్ని. నాకేమో స్నేహితుల ముందు దాన్ని తీయాలంటే సిగ్గు. రెండు రోజులు సెలవు పెట్టి మొత్తం విప్పేశాను. రంగు గీకేశాను. నాలుగు స్క్రూలు తీసి నెక్ ఊడదీస్తే, అది బాడీలో కూర్చునే చివర పెన్సిల్‌తో ఏవో రెండు అంకెలు, మధ్యలో చిన్న గీత. ఎవరో పిచ్చిగా గీశారనుకున్నాను. ఉప్పు కాగితంతో మూడుసార్లు రుద్దాను, పోయింది. ఇంకా గట్టిగా మోగాలని తీగల శబ్దాన్ని పట్టే పికప్‌లు కొత్తవి వేసి, పాతవీ పాట్లూ ఒక రేకు డబ్బాలో పడేశాను. ఆ డబ్బా ఇల్లు మారేటప్పుడు ఎటు పోయిందో తెలియదు.

చాలా ఏళ్ల తర్వాత ఒక రిపేరు చేసే పెద్దాయన నెక్ విప్పి, అటూ ఇటూ తిప్పి చూసి, "ఇక్కడ రాసి ఉండాలే, ఏదీ?" అన్నాడు. 1962 మొదటి నెలల దాకా ఫెండర్‌లో నెక్ చేసినవాళ్లు నెల, సంవత్సరం అక్కడ పెన్సిల్‌తో రాసేవాళ్లట, ఆ తర్వాతే సిరా ముద్ర వచ్చింది. నేను చెరిపింది ఆ చేతిరాతని. రంగు మారిస్తే ధర సగానికి పడిపోతుందని అంటారు, ఆ సగం పోయినందుకు నాకు బాధ లేదు. దాన్ని చేసిన మనిషినీ, వాయించిన మనిషినీ రెండు రోజుల్లో తుడిచేశాను, అదే ఇప్పటికీ తొలుస్తుంది.

అందుకే చెబుతున్నాను, అరిగిన చోట రంగు వేయించకు. నాబ్ తిప్పితే గరగరమంటే పాట్ మార్చొద్దు, ముందు శుభ్రం చేయించు. ఏదైనా మార్చక తప్పకపోతే తీసిన ప్రతి ముక్కనీ, ఆఖరికి స్క్రూని కూడా, పేరు రాసి కేసులోనే ఉంచు. రబ్బరు తొడుగున్న స్టాండ్ మీద పెట్టకు, నైట్రో లాకర్‌ని రబ్బరు తినేస్తుంది.

ఎప్పుడైనా నెక్ విప్పించాల్సి వస్తే పక్కనే ఉండు, ఆ చివర ఎవరినీ గుడ్డతో కూడా తుడవనివ్వకు. పెన్సిల్ రాతో, సిరా ముద్రో, ఏది కనిపించినా ముందు ఫొటో తీసి నాకు పంపు. నా కళ్లద్దాలు ఈమధ్యే మార్పించాను, పెద్దది చేసి చూసుకుంటాను.

ప్రేమతో,
మావయ్య