బోర్డు రీసెట్ అవుతోంది, గ్రౌండ్ విడదీయాలా?

ప్రశ్న: సార్, బెంగళూరులో ఉద్యోగం, సొంతూరు గూడూరు దగ్గర. మా నిమ్మతోటలో నేల తేమ చూడటానికి వైఫై ఉన్న ఈఎస్‌పీ32 చిప్ మాడ్యూల్‌తో రెండు లేయర్ల బోర్డు డిజైన్ చేశాను. పార్ట్స్ అన్నీ ఎస్పీ రోడ్‌లో కొన్నాను. వైఫై కనెక్ట్ అయ్యేటప్పుడు ‘బ్రౌనౌట్’ (సప్లై వోల్టేజి పడిపోయింది) అని చూపించి రీసెట్ అయిపోతోంది, సెన్సర్ రీడింగూ నిలకడగా లేదు. డీకప్లింగ్ కెపాసిటర్లు (చిప్‌కి ఒక్కసారిగా కావాల్సిన కరెంటుని పక్కనుంచే అందించేవి) పెట్టాను, నీట్‌గా ఉంటుందని అన్నీ బోర్డు అంచున వరసగా. అనలాగ్, డిజిటల్ గ్రౌండ్‌లు విడదీయమని ఫ్రెండ్ అంటున్నాడు. విడదీయమంటారా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి

జవాబు: వద్దండీ, ఆ పని మాత్రం చేయకండి. అసలు ఇబ్బంది మీరు నీట్‌గా పెట్టిన ఆ కెపాసిటర్ల వరసలోనే ఉంది. కెపాసిటర్ విలువ ఎంతన్నది తర్వాత, పిన్నుకి ఎంత దగ్గరగా ఉందో ముందు చూడాలి, ఎందుకంటే సన్నటి రాగి ట్రాక్‌కి మిల్లీమీటరుకి సుమారు 1 నానోహెన్రీ ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) వేసుకోవచ్చు, 20 మిల్లీమీటర్ల దూరంలో పెట్టారనుకోండి, 100 మిల్లీఆంప్స్ 5 నానోసెకన్లలో మారితే ఆ ట్రాక్ మీదే 0.4 వోల్టులు పోతాయి. మల్టీమీటర్ మాత్రం 3.3 అనే చూపిస్తుంది, అంత చిన్న కుదుపు దానికి అందదు.

రీసెట్‌కి ఇంకో కారణం కూడా ఉండొచ్చు. వైఫైలో పంపేటప్పుడు ఈఎస్‌పీ32 240 మిల్లీఆంప్స్ దాకా లాగుతుంది, సప్లై కనీసం 500 ఇవ్వగలగాలని తయారీదారు ఎస్ప్రెసిఫ్ చెబుతోంది. అందుకే 100 నానోఫారడ్ కెపాసిటర్ పక్కనే 10 మైక్రోఫారడ్‌ది కూడా ఉండాలి. మరీ చిన్న సైజు సిరామిక్ కొనకండి, వోల్టేజి ఇచ్చాక వాటి కెపాసిటెన్స్ బాగా పడిపోతుంది.

గ్రౌండ్ విషయానికొస్తే, కింది లేయర్‌ని వీలైనంత వరకు ఒకే రాగి పరుపుగా వదిలేయండి. వేగంగా మారే కరెంటు తాను వెళ్లిన ట్రాక్ కిందనుంచే తిరిగి రావాలని చూస్తుంది, దారిలో చీలిక ఉంటే చుట్టు తిరుగుతుంది, ఆ చుట్టు పెరిగేకొద్దీ నాయిస్ పెరుగుతుంది. సెన్సర్ ఒక పక్క, రెగ్యులేటర్ ఇంకో పక్క పెడితే చాలు. అన్నట్టు, సెన్సర్ వోల్టేజిని అంకెలుగా మార్చే ఏడీసీలు ఈ చిప్‌లో రెండున్నాయి, మీ సెన్సర్ వైరు ఏడీసీ2 పిన్నుకి వెళ్తోందేమో చూడండి, వైఫై నడుస్తుంటే వాటితో రీడింగ్ తీయలేం, ఏడీసీ1కి మార్చండి.

కొత్త బోర్డుకి ఆర్డరిచ్చే ముందు, ఇప్పుడున్నదాని మీదే మాడ్యూల్ 3.3 వోల్ట్ పిన్నుకీ, దాని పక్కనున్న గ్రౌండ్ పిన్నుకీ మధ్య ఆ రెండు కెపాసిటర్లూ నేరుగా టంకం పెట్టి చూడండి, కాళ్లు పొట్టిగా కత్తిరించి. అప్పటికీ రీసెట్ అవుతుంటే రెగ్యులేటర్‌నీ యూఎస్‌బీ కేబుల్‌నీ మార్చి చూడండి.