దుప్పటి మార్చే వేళ ప్రార్థన

ప్రశ్న: మాది ఒంగోలు. పెళ్లయ్యాక చెన్నై పెరంబూరులో ఉంటున్నాం. ఎనిమిది నెలల క్రితం మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కాలు, మాట పడిపోయాయి. అంతకుముందు తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి గంటసేపు ప్రార్థన చేసుకునేదాన్ని. ఇప్పుడు ఆ వేళకు ఆమె పక్క శుభ్రం చేయాలి. చేతులు పని చేస్తుంటాయి, లోపల విసుక్కుంటూ ఉంటాను. ఆరాధనకు నెలకోసారి వెళ్తే గొప్ప. ఆమె కోలుకున్నాక మళ్లీ భక్తిగా ఉందాంలే అని రోజులు నెట్టుకొస్తున్నాను. ప్రభువుకు దూరమయ్యానా?

జవాబు: అమ్మా, దూరం కాలేదు. కానీ ‘కోలుకున్నాక’ అన్న మాట నన్ను కలవరపెట్టింది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడు రోజూ ఉదయాన కురిపించిన ఆహారం, ఆ మన్నా కథ మీకు తెలిసిందే. మనిషికి ఒక్కో ఓమెరు కొలత, ఆ రోజుకు మాత్రమే. తెల్లారేదాకా దాచుకున్నవారి మన్నా పురుగులు పట్టి కంపుకొట్టింది. మీ నాలుగున్నర ప్రార్థన ఆనాటి మన్నా. దాన్నే తలచుకుంటూ కూర్చుంటే ఈ ఉదయం ముంగిట్లో కురిసింది కంటపడదు.

17వ శతాబ్దంలో పారిస్‌లోని ఒక కార్మెలైట్ (కాథలిక్ సన్యాసుల) మఠంలో బ్రదర్ లారెన్స్ అనే ఆయన వంటవాడిగా ఉండేవారు. వంటపని అంటే ఆయనకు స్వతహాగా అస్సలు ఇష్టం లేదు. అయినా ఆ గిన్నెల చప్పుడు మధ్యే దేవునితో మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. ఇష్టం లేని పనిలోనే ఆయనకది కుదిరింది. అందుకే మీకు ఆయన సంగతి చెబుతున్నాను.

పుండ్లు పడకుండా ఆమెను రెండు గంటలకోసారి పక్కకు తిప్పమని డాక్టరు చెప్పే ఉంటారు. తిప్పిన ప్రతిసారీ ఒక్క మాట: ‘ప్రభువా, తోడుండు’. విసుగు వస్తే ‘విసుగ్గా ఉంది తండ్రీ’ అని అదీ చెప్పేయండి. ‘ఎన్నాళ్లు నన్ను మరచిపోతావు’ అని దావీదు 13వ కీర్తనలో దేవుణ్ణే నిలదీశాడు. మీ విసుగు ఆయనకు కొత్త కాదు.

అయితే అంతా మీరొక్కరే మోయడం భక్తి అని నేను అనను. మీ ఉత్తరంలో మీ వారి ప్రస్తావనే లేదు! ఆమె ఆయన కన్నతల్లి. నెలలో రెండు ఆదివారాలు ఆయన ఇంట్లో ఉండి చూసుకోవాలి, మీరు ఆరాధనకు వెళ్లాలి. సణుగుడుగా కాక, సూటిగా అడగండి. ప్రభువు బల్ల సంస్కారం (రొట్టె, ద్రాక్షారసం) ఇంటికి వచ్చి ఇవ్వమని పాస్టరుగారినీ అడగండి, మీ ఇద్దరికీ.

ఇంకొక్క సంగతి. పక్షవాతంతో మాట పోయినవారిలో కొందరు, మాట్లాడలేకపోయినా చిన్ననాటి నుంచి తెలిసిన పాటను పదాలతో సహా పాడగలుగుతారు. అందరికీ సాధ్యం కాదు, ఆశ పెంచుకుని నిరాశపడకండి. కానీ రేపు దుప్పటి మార్చేటప్పుడు ఆమెకు బాగా వచ్చిన కీర్తన ఒకటి మెల్లగా అందుకోండి. ఏ కీర్తనో ఈ రాత్రి మీ వారినే అడగండి. అమ్మ ఏం పాడేదో కొడుక్కి గుర్తుండే ఉంటుంది.