నడుము దగ్గర ఆగి చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

కార్టూన్ పాత్రల శరీరాకృతి మీద జరుగుతున్న వాదాల గురించి నువ్వు రాసిన వ్యాసాన్ని రెండుసార్లు చదివానమ్మా. ఎవరు ఎవరిని ఏమన్నారో అందులో వివరంగా ఉంది కానీ, ఇంత తగాదాకు కారణమైన బొమ్మ ఎలా ఉందో చెప్పే వాక్యం ఒక్కటీ కనిపించలేదు.

నువ్వు ప్రస్తావించి వదిలేసిన మెరిడానే తీసుకో. 2012 నాటి పిక్సార్ చిత్రం ‘బ్రేవ్’లో ఆమెది గుండ్రటి ముఖం, దువ్వెనకు లొంగని ఎర్రటి ఉంగరాల జుట్టు. తనను గెలుచుకోవడానికి యువకులు పోటీ పడుతున్న బరిలోకి తానే దిగి, బిగుతు గౌనులో చెయ్యి ఆడక, భుజాల దగ్గర కుట్లు పిగిలిపోయేలా ఒళ్లు విరుచుకుని మరీ విల్లు ఎక్కుపెడుతుంది. 2013లో డిస్నీ ఆమెను తన రాకుమార్తెల వరుసలో చేర్చుకుంటూ గీయించిన కొత్త బొమ్మలో నడుము సన్నబడింది, భుజాలు కనిపించేలా గౌను కిందికి దిగింది, విల్లు మాయమైంది. ఆ పాత్రను ఊహించిన దర్శకురాలు బ్రెండా చాప్‌మన్ బాహాటంగా అభ్యంతరం చెప్పారు. రెండు లక్షల మందికి పైగా నిరసన విన్నపం మీద సంతకాలు చేశారు. చింపుకుని బయటపడ్డ బిగువులోకే ఆ పిల్లను మళ్లీ తోశారన్న బాధ వాళ్లది, నాదీ అదే.

అయితే ‘కార్టూన్ అంటేనే అతి కదా’ అనేవారి మాటను నువ్వు అంత తేలిగ్గా కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. అదే చిత్రంలో మెరిడా తండ్రి ఫెర్గస్ కొండంత ఛాతీతో ఉంటాడు, ఆ అతి అతని గాంభీర్యాన్నీ అమాయకత్వాన్నీ ఒక్క చూపులో చెప్పేస్తుంది. నాయిక నడుము ఉందో లేదో తెలియదని రాసిన మన ప్రబంధ కవులకూ అతిశయోక్తి అలంకారమే. కాబట్టి అతి ఉందా లేదా అని కాదు, ఆ అతి పాత్ర స్వభావాన్ని చెబుతోందా, చెరిపేస్తోందా అని అడుగు. ‘బాపు బొమ్మలా ఉంది’ అని మెచ్చుకుంటూ బొమ్మను మనుషులకు కొలతగా మార్చుకున్న మనకు ఈ ప్రశ్న దూరమైనదేమీ కాదు.

ఇప్పుడు ఆ రెండు మెరిడాలనూ పక్కపక్కన పెట్టుకుని పెన్సిలుతో నువ్వే గీసి చూడు. రెండో బొమ్మలో నడుము దగ్గర నీ చెయ్యి ఎంత లోపలికి తిరగవలసి వచ్చిందో గమనించి, వ్యాసాన్ని అక్కడి నుంచి మొదలుపెట్టి నాకు మళ్లీ పంపు.