కొండెక్కితే కూలెంట్ తగ్గుతోంది

ప్రశ్న: మాది తిరుపతి. పదేళ్ళ పెట్రోల్ కారు. తిరుమల వెళ్ళొచ్చిన ప్రతిసారీ కూలెంట్ వేలెడు తగ్గుతోంది. కింద చుక్క కనపడదు. ఇంజిన్ దించాలంటున్నారు. తప్పదా?

జవాబు: తొందరపడకండి, ముందు కారే చోటు దొరకాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత తీసి ప్రెషర్ టెస్టర్ (ఒత్తిడి చూపే ముల్లున్న చేతి పంపు) బిగించండి. మూత మీద రాసిన ఒత్తిడి మించకుండా పంపు కొట్టి 15 నిమిషాలు ఆగండి. ముల్లు దిగుతుంటే చేతి అద్దం, టార్చి పట్టుకుని ఇంజిన్ వెనక హీటర్ గొట్టాల మొదళ్ళు చూడండి. అక్కడ కారింది వేడికి ఆవిరైపోతుంది, నేలదాకా రాదు. కానీ క్లిప్పు చుట్టూ ఉప్పు పేరినట్టు తెల్లటి, గులాబీ పొర మిగులుతుంది.

గొట్టమే అయితే ఇంజిన్ దించే పని లేదు. కూలెంట్ వంచేసి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీస్తే చాలా కార్లలో చెయ్యి పడుతుంది. స్ప్రింగు క్లిప్పుకు కేబుల్ ఉన్న ప్లయర్ వాడాలి. పాత గొట్టాన్ని మెలితిప్పి లాగొద్దు, అది తొడిగిన ప్లాస్టిక్ మూతి పుటుక్కున విరుగుతుంది. అప్పుడు నిజంగానే పెద్ద పని. అందుకే గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి ఒలిచేయండి.

కొత్త గొట్టం బిగించాక నీళ్ళు కలపని కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయండి. బోరు నీళ్ళు పోస్తే లోపల గార కడుతుంది. ఇంజిన్ ఆన్ చేసి, హీటర్ పూర్తి వేడిమీద పెట్టి, రేడియేటర్ ఫ్యాను రెండుసార్లు తిరిగి ఆగేదాకా లోపలి గాలి పోనివ్వండి.

ముల్లు దిగుతున్నా బయట తడి లేకపోతే, కారు లోపల ముందు సీటు దగ్గర కాళ్ళ కింది కార్పెట్ తడిమి చూడండి. అది కూలెంట్‌తో తడిస్తే హీటర్ కోర్ (కారు లోపలికి వేడినిచ్చే చిన్న రేడియేటర్) పోయినట్టే. లీకు ఆపే పొడులు మాత్రం పోయకండి, సన్నటి దారులన్నీ పూడుకుపోతాయి.