సెకండ్ హ్యాండ్ సర్వే బోటు కొనబోతున్న అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలన్నీ చూశాను. 11 మీటర్ల ఫైబర్ కేటమరాన్, మల్టీబీమ్ సోనార్‌తో (ఒకేసారి చాలా శబ్ద కిరణాలు పంపి అడుగు లోతు కొలిచే పరికరం) సహా ఇస్తామంటున్నారని సంబరంగా రాశావు. కాకినాడ దగ్గర సముద్రపు అడుగు సర్వేకి ఇలా రెండు హల్స్ (నీళ్లలో తేలే బోటు పొట్టలు) పక్కపక్కన ఉన్న బోటు మంచి ఆలోచనే. లోతు తక్కువున్న చోటికీ వెళ్తుంది, నాలుగైదు నాట్ల వేగంలో పెద్దగా ఊగదు. అయినా అడ్వాన్స్ ఇప్పుడే ఇవ్వకు.

ఆ ఫోటోల్లో ఉన్నవన్నీ స్క్రీన్లు, కుర్చీలే. ముందు బోటును ఒడ్డుకెక్కించమను. రెండు హల్స్‌నీ కలిపే డెక్ కిందికి టార్చి పట్టుకుని వెల్లకిలా దూరు. డెక్, హల్ కలిసే మూల వెంట రూపాయి బిళ్లతో తడుతూ వెళ్లు. గట్టిగా ఉన్న ఫైబర్ టంగుమంటుంది. లోపల పొరలు విడిపోయిన చోట డబ్‌మని బోలుగా వినిపిస్తుంది. ఆ మూలల్లో మాత్రమే పెయింటు కొత్తగా మెరుస్తుంటే గీకి చూపించమని అడుగు. అల ఒక్కో హల్‌నీ ఒక్కో రకంగా లేపుతుంది, ఆ మెలి అంతా పడేది అక్కడే.

తర్వాత సోనార్ తగిలించే పోల్. దీని వల్ల నేను దెబ్బతిన్నాను. ఒకసారి అద్దెకు తీసుకున్న బోటులో మోషన్ సెన్సర్ కేబిన్‌లో ఉంది, సోనార్ హెడ్ నీళ్లలో సన్నటి పోల్ చివర ఉంది. బోటు ఊగితే సెన్సర్‌కు తెలుస్తుంది, పోల్ వంగితే తెలియదు. 20 మీటర్ల లోతులో 45 డిగ్రీలు పక్కకు వాలి వెళ్లే సోనార్ కిరణం ఒక్క డిగ్రీ తప్పినా లోతులో దాదాపు 35 సెంటీమీటర్ల తేడా వస్తుంది. బోటు పక్కపక్కగా నడిచి కొలిచిన లైన్లు ఒకదానితో ఒకటి కలవలేదు. మూడు రోజుల పని మళ్లీ చేశాం, డీజిల్ ఖర్చు మా నెత్తినే పడింది. సెన్సర్, హెడ్ రెండూ ఒకే గట్టి ఫ్రేము మీద కూర్చునేలా ఉందో లేదో చూడు. లేకపోతే ఆ ఫ్రేము చేయించే ఖర్చు ధరలో తగ్గించమను.

కేటమరాన్‌కి అదనపు బరువు పడదు. ట్యాంకు నిండా డీజిల్, జనరేటర్, మనుషులు అంతా ఎక్కాక డెక్ అడుగుకీ నీళ్లకీ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలువు. అది చాలకపోతే ప్రతి అల కింద నుంచి బాదుతుంది. సర్వే వేగంలో నడుపుతూ నురగ హెడ్ కిందికి వస్తోందేమో కూడా గమనించు. బుడగలుంటే సోనార్‌కు అడుగు కనబడదు. మిగతా డబ్బు కట్టేది సముద్రంలో ప్యాచ్ టెస్ట్ (సోనార్, సెన్సర్ కోణాలు సరిగ్గా కుదిరాయో లేదో లైన్లు నడిపి చూసే పరీక్ష) అయ్యాకే. దానికి ఒప్పుకోకపోతే వేరే బోటు వెతుకుదాం.

రిజిస్ట్రేషన్, ఇంజన్ లాగ్‌బుక్, బ్యాంకు తాకట్టు ఉందా లేదా, ఇవి నీకు చెప్పక్కర్లేదు.

నీళ్లలో శబ్ద వేగం కొలిచే సౌండ్ వెలాసిటీ ప్రోబ్‌కి మాత్రం డబ్బు పక్కన పెట్టుకో. గోదావరి వరద రోజుల్లో పైన మంచినీళ్లు, కింద ఉప్పునీళ్లు ఉంటాయి. పొరపొరకీ శబ్ద వేగం మారుతుంది. అది కొలవకపోతే చదునైన అడుగు కూడా స్క్రీన్ మీద అంచుల్లో వంగి కనిపిస్తుంది.

ఒడ్డుకెక్కించే రోజు ముందే ఫోన్ చెయ్యి, నేనూ వస్తాను. టార్చి నా దగ్గరుంది.

మీ మామయ్య