విల్లు సరే, ఐసీయూలో ఉన్న రోజుల సంగతేంటి?

ప్రశ్న: నాకు 61, మావారికి 66. ఇద్దరం ఆరోగ్యంగానే ఉన్నాం. మా అత్తగారు చివర్లో 19 రోజులు వెంటిలేటర్ మీద ఉన్నారు. ఆశ లేదని తెలిసినా ఆపమని చెప్పడానికి ఎవరికీ నోరు రాలేదు. మా పిల్లలకు ఆ పరిస్థితి రాకూడదు. విల్లు రాస్తే సరిపోతుందా? – ఒక పాఠకురాలు, తెనాలి

సరిపోదండీ. విల్లు మనిషి పోయాకే పనికొస్తుంది. ఊపిరి ఉండి మాట లేని రోజులకు లివింగ్ విల్ కావాలి, అంటే అప్పుడు ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టే పత్రం. 2018లో సుప్రీంకోర్టు దీన్ని అనుమతించినా, మేజిస్ట్రేట్ సంతకం కూడా కావాలనడంతో మామూలు మనుషులకు కష్టమైంది. 2023 జనవరిలో ఆ షరతు తీసేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీతోనో గెజిటెడ్ అధికారితోనో ధ్రువీకరణ చేయిస్తే చాలు. కోలుకునే ఆశ లేనప్పుడు ఏ చికిత్స వద్దో, మీ తరఫున ఎవరు మాట్లాడాలో పేర్లతో సహా రాయండి. ఇద్దరూ విడివిడిగా రాసుకోవాలి. కాగితం చూపించగానే వెంటిలేటర్ తీసేస్తారన్న భయం వద్దు. రెండు వైద్య బృందాలు పరిశీలించి ఒప్పుకున్నాకే ఏదైనా. మనసు మారితే రద్దు చేసుకోవచ్చు.

ఇక డబ్బు. అందరూ దెబ్బతినేది ఇక్కడే. నా దగ్గరికొచ్చిన ఒకావిడ భర్త పేరు మీద 8 లక్షల ఎఫ్‌డీ ఉంది. ఆయన ఐసీయూలో ఉన్నారు, సంతకం లేనిదే బ్యాంకు ఇవ్వనంది. ఆవిడ చేతి గాజులు తీసి తాకట్టు పెట్టి బిల్లు కట్టారు. నామినీ ఆవిడే, కానీ నామినీకి డబ్బు అందేది ఖాతాదారు పోయాకే కదా! జాయింట్ ఎఫ్‌డీ అయినా, ఇద్దరూ బతికుండగా గడువుకు ముందే తీయాలంటే మామూలుగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. పవర్ ఆఫ్ అటార్నీ ఉందిగా అనుకోకండి, ఇచ్చిన మనిషికి మతి తప్పితే మన చట్టంలో అదీ చెల్లదు.

అందుకే 3 లక్షలైనా ఇద్దరి పేరున, ‘ఐదర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో సేవింగ్స్ ఖాతాలో ఉంచండి. వడ్డీ తక్కువే, పోనివ్వండి. ఒక్కరి సంతకంతో చేతికొస్తుంది.

విల్లు కూడా రాయండి. దానికి స్టాంపు పేపరు అక్కర్లేదు, ఇద్దరు సాక్షులుంటే చాలు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయిస్తేనే నాకు నిశ్చింత.

లివింగ్ విల్‌ను మాత్రం బ్యాంకు లాకర్లో పెట్టకండి. అర్ధరాత్రి డాక్టర్ అడిగితే ఎవరు తెస్తారు? ఆరోగ్య బీమా కార్డు, మందుల చీటీలు ఉండే ఫైల్లోనే పెట్టండి. ఒక కాపీ మీ ఫ్యామిలీ డాక్టరుకు ఇచ్చి, ఫొటో తీసి పిల్లలకు వాట్సాప్‌లో పంపండి. పంపే ముందు ఒకసారి ఫోన్ చేసి, ఎందుకు రాశారో మీ నోటితోనే చెప్పండి.